లండన్ ఎంత దూరమే?

మా అమ్మాయి ఉద్యోగానికి లండన్ వెళ్లినప్పటి నుంచి మా అత్తయ్యగారిది ఒకటే ప్రశ్న: "ఎంత దూరమే అది?" మొన్న పోపు వేస్తుంటే మళ్లీ అడిగారు. ముంబయి నుంచి గాలిలో 7,200 కిలోమీటర్లు అన్నాను. ఆవిడకి ఆ లెక్క ఎక్కలేదు. "మా బావగారు వెళ్లినంత దూరమా?" అన్నారు.

మా పెదమామయ్యగారు 1954లో చదువుకి ఇంగ్లండు వెళ్లారు. బొంబాయిలో ఓడెక్కి, సూయజ్ కాలువ మీదుగా సుమారు మూడు వారాల ప్రయాణం. ఆ ఏడాదే ఆయన తల్లి పోయారు. టెలిగ్రాం ఇచ్చారు. ఆయన రాలేదు. అప్పటికి కొత్త కోడలైన మా అత్తయ్యగారు అదంతా కళ్లారా చూశారు.

విమానాలు లేక రాలేదనుకునేదాన్ని. చదివితే తెలిసింది, ఉన్నాయి. 1929లోనే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కరాచీకి విమానం నడిపింది. ఏడు రోజులు పట్టేది. మజిలీలు చేసుకుంటూ రావాలి, మధ్యలో కొంత దూరం రైలు కూడా ఎక్కాలి! 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం స్వయంగా నడుపుకొచ్చారు. ఆ సంస్థే పెరిగి ఎయిరిండియా అయింది. 1948 జూన్ 8న దాని 'మలబార్ ప్రిన్సెస్' 35 మంది ప్రయాణికులతో బొంబాయిలో లేచింది. కైరో, జెనీవాల్లో ఆగి లండన్ చేరింది. మొత్తం సుమారు ఒక రోజు.

అంటే పెదమామయ్యగారు ఓడెక్కే నాటికే లండన్ ఒక్క రోజు దూరం. డబ్బున్నవాళ్లకి. మూడెకరాల ఇంటికి మాత్రం అది మూడు వారాల దూరమే.

1960లో బోయింగ్ 707 జెట్లు వచ్చాక ప్రయాణం ఇంకా తగ్గింది. ఇప్పుడు ఎక్కడా ఆగకుండా వెళితే తొమ్మిది పది గంటలు. వచ్చేటప్పుడు ఇంచుమించు గంట తక్కువ, పైన గాలులు పడమర నుంచి తూర్పుకి వీస్తాయి కాబట్టి. మళ్లీ 2025లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేసరికి వాటికి పడమటి దారి కాస్త పొడవైంది. కొలతలో దూరం అదే. దారి, గాలి, డబ్బు కలిసి దాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి.

ఇదంతా అత్తయ్యగారికి చెప్పి, "ముంబయి దాకా ఒక్క రాత్రండీ, అక్కణ్ణుంచి మన ఊరికి ఇంకో పూట" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అయితే నేను పోతే కబురందిన మర్నాటికి వచ్చేస్తుందన్నమాట" అన్నారు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"పోయాక వస్తే నాకేం తెలుస్తుందే? సంక్రాంతికి రమ్మను."

ఆ రాత్రే అమ్మాయికి ఫోన్ చేశాను.