శ్రోతలే పోషకులు

సంగీతమునకు పోషకులు కాలమును బట్టి మారుచు వచ్చిరి. ఒకప్పుడు రాజాస్థానములును దేవాలయములును విద్వాంసులను భరించినవి. తంజావూరు నాయకరాజుల కొలువు మన తెలుగువారికి తెలిసినదే. గ్రామఫోను వచ్చిన పిదప ఆ స్థానము చాలవరకు రికార్డు కంపెనీలకు దక్కినది. గాత్రము గాయకునిది, ధ్వనిముద్రణపై హక్కు మాత్రము తరచుగా కంపెనీది. ఏ పాట పాడవలెను, ఎంతసేపు పాడవలెను అను విషయములందును కంపెనీ మాటకే బలమెక్కువ. ఈ ఏర్పాటునకు లోబడక, వినువారి ఆదరణనే నమ్ముకొని నిలచినవారు కొందరు కలరు. వారిలో కెనడా గాయని లోరీనా మెకెన్నిట్ చరిత్రను ఇచ్చట ముచ్చటించుకొందము.

ఈమె 1957లో మానిటోబా రాష్ట్రమునందలి మోర్డెన్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఐర్లండు, స్కాట్లండు దేశముల కెల్టిక్ జానపదగానమునకు ఆకర్షితురాలై హార్పు వాద్యమును చేపట్టెను. 1985లో క్విన్లన్ రోడ్ అను పేర స్వంత సంస్థను నెలకొల్పి, 'ఎలిమెంటల్' అను తొలి సంకలనమును ఒక్క వారములో ధ్వనిముద్రణ చేయించెను. స్వయముగా ముద్రించి అమ్ముకొను విధానమును ఒక పుస్తకము చదివి నేర్చుకొనెను. టొరాంటో నగరమున సెయింట్ లారెన్స్ మార్కెట్టు వద్ద హార్పు వాయించుచు, ఆగి విన్నవారికి ఆ కాసెట్టులను అమ్మెను.

ఇచ్చట మనము గమనింపవలసిన దొకటి కలదు. అంగడికి వచ్చినవాడు టిక్కెట్టు కొని వచ్చిన శ్రోత కాడు. పాట నచ్చనిచో సంచి భుజమున వేసికొని తన దారిన తాను పోవును. అట్టివాడు నిలచి, విని, పైకము చెల్లించెననిన అది ముఖస్తుతి కానేరదు. ఇట్లు ఆదరించినవారి చిరునామాలను ఆమె జాబితాగా కూర్చుకొని, వారితో ఉత్తరముల ద్వారా సంబంధము నిలుపుకొనెను. కంపెనీ ప్రకటనలు చేయవలసిన పనిని ఆ జాబితా చేసినది.

స్వంత ముద్రణ యనగా చవుకబారు ముద్రణ యను అపోహ కొందరికి కలదు. ఈమె విషయమున అది చెల్లదు. 1987 నాటి శీతకాల గీతముల సంకలనమునకై స్టూడియోను విడిచి, ఐర్లండునందలి గ్లెన్‌స్టాల్ మఠము వంటి స్థలములలో పాడెను. రాతిగోడల నుండి మరలివచ్చు నాదము పాటలో భాగమైనది. 1991 నాటి 'ది విజిట్' మొదలు పెద్ద కంపెనీ ద్వారా పంపిణీ జరిగినను, తన ముద్రణలపై అధికారమును ఆమె వదలుకొనలేదు. 1997లో వెలువడిన 'ది బుక్ ఆఫ్ సీక్రెట్స్' సంకలనమునకు నిర్మాత ఆమెయే. అందలి 'ది మమ్మర్స్ డాన్స్' అను పాట రేడియోకు అనువుగా మరల మలచబడి, అమెరికా రేడియో కేంద్రములలో విశేషముగా ప్రసారమైనది. అంగడివీథి పాట ఇంటింటి పాటయైనది.

అంతలో, 1998లో, ఆమె వివాహమాడదలచిన వ్యక్తి పడవ ప్రమాదమున మరణించెను. మరుసటి సంవత్సరము వెలువడిన పారిస్, టొరాంటో కచేరీల ముద్రణపై వచ్చిన ఆదాయమును, జలప్రమాదముల నివారణకును గాలింపు పనులకును తాను నెలకొల్పిన నిధికి ఆమె అప్పగించెను. తన పాటపై హక్కు తనదే యగుటచేతనే ఆ నిర్ణయము ఆమె చేతిలో నుండెను. పిదప క్రొత్త స్టూడియో సంకలనము 2006 వరకు రాలేదు. తొమ్మిదేండ్ల విరామము గాయకులకు సామాన్యమైన పరీక్ష కాదు. అయినను శ్రోతలు ఆమెను మరువలేదు. ఆమె సంకలనములు ప్రపంచమున కోటికి పైగా అమ్ముడుపోయినవి.

నేడు అంతర్జాలము వలన ఏ పాటయైనను క్షణములో చెవిని చేరుచున్నది. స్వయముగా ముద్రించి వెలువరించుటయు పూర్వమంత కష్టము కాదు. కాని వినుట తేలికయైన కొలది, ఆదరించుట మరచుటయు తేలికయగుచున్నది. నచ్చిన పాట పాడినవారి పేరు తెలిసికొనుట, వీలైనచో వారి ముద్రణను వెలయిచ్చి కొనుట, ఇరుగుపొరుగువారికి చెప్పుట: ఇవి చిన్న పనులే. రాజులు అగ్రహారములిచ్చిన చోట మనము ఈ మాత్రము చేయగలిగినచో, పాట పాడినవారి చేతిలోనే నిలుచును.