సంత నుండి రైతుబజారు దాకా

తెలుగునాట సంతను వారం పేరుతో పిలవటం పాత అలవాటు. సోమవారపు సంత, గురువారపు సంత అనగానే చుట్టుపక్కల పది ఊళ్ళవారికీ ఎక్కడికి వెళ్ళాలో తెలిసిపోయేది. కాకతీయుల కాలపు శాసనాల్లో సంతలపై వసూలు చేసిన సుంకాల ప్రస్తావనలున్నాయి. అంటే పాలకుని కన్ను అప్పటికే సంత మీద ఉందన్నమాట. అయితే అమ్మేవాడెవరు, ఆ కాయ ఏ చేనులో కాసింది అన్న సంగతులకు మాత్రం ఏ పత్రమూ అక్కరలేదు. ఈ వారం పుచ్చువంకాయ అంటగట్టినవాడు వచ్చే వారం అదే చెట్టు కింద, అదే మనిషికి ముఖం చూపించాలి. సంతలోని నాణ్యతకు హామీ ఆ ముఖమే.

రైలుమార్గాలు, ఎగుమతి పంటలు వచ్చాక సరుకు దూరప్రయాణం మొదలుపెట్టింది. పత్తి, వేరుశనగ పండించినవాడికి, కొనేవాడికి మధ్య వడ్డీవ్యాపారి, దళారి, కాటాదారు చేరారు. 1926లో నియమితమై 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ ఈ దోపిడీని వివరంగా నమోదు చేసింది. తప్పుడు తూకాలు, రకరకాల పేర్లతో కోతలు, రైతుకు తెలియకుండా గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని దళారులు ధర తేల్చుకోవటం వంటివి అందులో ఉన్నాయి. దీనికి విరుగుడుగా హైదరాబాదు రాజ్యంలో 1930లోనూ, మద్రాసు రాజధానిలో 1933లోనూ మార్కెట్ల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1966 నాటి చట్టం వాటి స్థానాన్ని తీసుకుంది.

ఉద్దేశం మంచిదే. రైతు తన పంటను నియంత్రిత యార్డుకు తెస్తే అక్కడ బహిరంగ వేలం, సరైన తూకం ఉంటాయన్నది ఆశ. కానీ యార్డులో లైసెన్సు పొందినవాడు మళ్ళీ కమీషన్ వ్యాపారే. కూరగాయలది మరీ కష్టం. ధాన్యమైతే గాదెలో పోసి ధర కోసం ఎదురుచూడవచ్చు, తోటకూర సాయంత్రానికే వాడిపోతుంది. వాడిపోయే సరుకు చేతిలో ఉన్నవాడు బేరమాడలేడు. దళారి బలమంతా అక్కడే ఉంది.

ఈ చిక్కుముడికి పంజాబు 1987లో 'అప్నీ మండీ' పేరిట ఒక దారి చూపింది. రైతే నేరుగా పట్టణవాసికి అమ్ముకొనే సంత అది. 1999 జనవరి 26న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లను ప్రారంభించింది. అదే సంవత్సరం నవంబరు 14న తమిళనాడు మదురైలో 'ఉళవర్ సందై'తో మొదలుపెట్టింది.

రైతుబజారు నడిచే తీరు సులభమైనది. అధికారులు గ్రామానికి వెళ్ళి సాగును నిర్ధారించుకుని, రైతుకు ఫొటోతో గుర్తింపు కార్డు ఇస్తారు. మార్కెట్ రుసుము లేదు, కమీషన్ లేదు. గంపలను పట్టణానికి చేర్చటానికి ఆర్టీసీ బస్సులు నడిచాయి. టోకు ధర కన్నా కాస్త ఎక్కువగా, బయటి చిల్లర ధర కన్నా తక్కువగా రోజూ ధర నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. దళారికి పోయే భాగాన్ని అమ్మేవాడూ కొనేవాడూ పంచుకున్నారన్నమాట. 2014లో రాష్ట్రం రెండయినా, రెండుచోట్లా రైతుబజార్లు నిలిచాయి.

లోపాలూ తెలిసినవే. కార్డు ఒకరిది, అమ్మకం మరొకరిది అన్న ఫిర్యాదు పాతదే. ముఖం స్థానంలో కార్డును పెట్టినప్పుడు ఆ ప్రమాదం తప్పదు. బోర్డు మీది ధర అందరికీ ఒకటే కాబట్టి, పురుగుమందు కొట్టకుండా పండించినవాడి బెండకాయకూ, వారానికి రెండుసార్లు కొట్టినవాడి బెండకాయకూ తేడా కనిపించదు. 2004 నుండి పురుగుమందులు లేని సాగును ప్రభుత్వమే ప్రోత్సహించింది. వరంగల్లు ప్రాంతపు ఏనబావి ఊరు మొత్తం సేంద్రియానికి మారింది. పొలంలో వచ్చిన ఆ మార్పును ధరల బోర్డు చెప్పలేకపోయింది.

ఇక్కడ చరిత్ర ఒక చుట్టు తిరిగింది. 2017లో దేశంలో సేంద్రియ ఆహారానికి నిబంధనలు చేసినప్పుడు, ధ్రువీకరణ లేనిదే ఆ పేరుతో అమ్మరాదన్నారు. కానీ పండించినవాడే తినేవాడికి నేరుగా అమ్మితే దాని నుండి మినహాయింపు ఇచ్చారు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే కాగితం అక్కరలేదని చట్టమే ఒప్పుకుంది. మన పాత సంత చెప్పిన మాట కూడా ఇదే.

కనుక రైతుబజారులో చౌక ధర ఒక్కటే చూసి వచ్చేస్తే, దానిలో సగమే కొనుక్కున్నట్టు. ఏ ఊరు, ఎప్పుడు కోశారు, ఏ మందు కొట్టారు అని అడగటం మన వంతు. సంక్రాంతికి చిక్కుడుకాయ, వేసవికి మామిడి అన్న కాలజ్ఞానం అమ్మేవాడి నోటి నుండే వినాలి. జవాబు చెప్పగలిగినవాడు రైతు. అతని దగ్గరకే మళ్ళీ వెళ్ళటం మొదలైననాడు, కార్డు మీది బొమ్మ తిరిగి ముఖమవుతుంది.

మీ ఊరి సంత ఏ వారమో గుర్తుందా?