గార్గిని ఏ అరలో పెడదాం?

తత్వశాస్త్రం గ్రీసులో పుట్టిందని మనం చదువుకున్నాం, పరీక్షల్లో రాశాం. ఆ మాటకూ ఒక చరిత్ర ఉంది. 18వ శతాబ్దం మధ్యలో జర్మనీలో బ్రూకర్ రాసిన తత్వశాస్త్ర చరిత్రలో గ్రీకుల కంటే ముందే ఈజిప్టు, పర్షియా, భారతదేశాల ఆలోచనాపరులకు చోటుంది. ఆ శతాబ్దం చివరికి వచ్చిన చరిత్రకారులు వాళ్లను తప్పించడం మొదలుపెట్టారు. 1820లలో బెర్లిన్‌లో హెగెల్ ఇచ్చిన ఉపన్యాసాల్లో అసలైన తత్వశాస్త్రం గ్రీకులతోనే మొదలు. చైనా, ఇండియా దానికి ముందుమాట మాత్రమే. ఈస్టిండియా కంపెనీ మన నేలను ఆక్రమించుకున్నదీ ఆ కాలంలోనే.

అలా తప్పించినవాళ్లకు 'మతం' అనే అర చూపించారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 'ఇండియన్ ఫిలాసఫీ' రెండు సంపుటాలు 1923, 1927లలో వచ్చాయి. 1936లో ఆక్స్‌ఫర్డ్ ఆయనకిచ్చిన పీఠం మాత్రం 'ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రం'.

నా ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. యూరప్ మన పండితులకు చేసిందే మన పండితులు స్త్రీలకు చేయలేదా?

బృహదారణ్యకోపనిషత్తులో జనకుడి సభలో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి రెండుసార్లు ప్రశ్నిస్తుంది. ఇది దేనిలో అల్లుకుని ఉంది, అది దేనిలో అంటూ ఒక్కొక్క లోకం దాటుకుంటూ పోతుంది. బ్రహ్మలోకం దేనిలో అని అడగగానే, ఇంకా అడిగితే నీ తల రాలిపోతుందంటాడు ఆయన. ఆమె ఆగుతుంది. కానీ తర్వాత మళ్లీ లేస్తుంది. 'అక్షరం', అంటే నశించనిది, అనే భావనను ఆయన వివరించేది ఆమె రెండోసారి అడిగినందుకే. ఇతన్ని ఎవరూ గెలవలేరని సభకు తీర్పు చెప్పేదీ ఆమే.

సోక్రటీసు ప్రశ్నిస్తే తత్వం. గార్గి ప్రశ్నిస్తే యాజ్ఞవల్క్యుడి గొప్పతనానికి సాక్ష్యం! వేదకాలంలో స్త్రీలకు గౌరవం ఉండేదని చెప్పుకోవడానికి ఆమె పేరు వాడుకుంటాం. ఆమె వాదాన్ని మాత్రం చదవం.

పోనీ, ఉపనిషత్తుల దగ్గరే ఆగిపోతే సంస్కృతంలో రాయని స్త్రీలంతా మళ్లీ బయటే ఉంటారు. 1882లో తారాబాయి షిండే మరాఠీలో 'స్త్రీ పురుష తులన' రాశారు. ఆడవాళ్లకు అంటగట్టిన దోషాలను ఒక్కొక్కటే తీసుకుని, ఇవి మగవాళ్లలో లేవా అని నిలదీశారు. అది నీతిశాస్త్ర చర్చ కాదా? 1901లో భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో స్త్రీల జీవితాలనే ఆధారాలుగా పేర్చి, స్త్రీలు బుద్ధిహీనులన్న మాటను ఖండించారు. వీళ్లిద్దరినీ 'సంఘసంస్కరణ' అరలో పెట్టి తలుపు మూశాం.

సిలబస్‌లో కాంట్ పక్కన శంకరుణ్ణి చేర్చినంత మాత్రాన ఈ సమస్య తీరదు. ఎవరిది తత్వమో, ఎవరిది కాదో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. స్త్రీల రచనలపై పరిశోధన చేస్తున్న, చేయిస్తున్న మిత్రులను నేను కోరేది ఒకటే. వీళ్లు ఎంత ధైర్యంగా రాశారో ఇప్పటికే చాలా చెప్పుకున్నాం. ఏం వాదించారో, ఆ వాదం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో ఇక తేల్చుకుందాం. అవసరమైతే వాళ్లతో విభేదిద్దాం కూడా.