గ్రంథస్వామ్యము: కవి హక్కు, లోకుల హక్కు

నారాయణఖేడు తాలూకా పూర్వము హైదరాబాదు రాష్ట్రమందలి బీదరు జిల్లాలో ఉండెడిది. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజనతో అది మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినవచ్చు ఇట్టి సీమలో ఒక భాషలోని కథ మరొక భాషలోనికి పోవుట వింత గాదు. అయితే అట్లు మార్చుటకు ఎవరి అనుమతియైన కావలెనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పునదే గ్రంథస్వామ్య చట్టము. మనము వాడుకగా కాపీరైటు అనుచున్నది దీనినే.

తరతరములుగా నోటినుండి నోటికి వచ్చిన బతుకమ్మ పాట అందరి సొత్తు. ఒక కవి తాను వ్రాసిన పాట సంగతి వేరు. వ్రాసిన క్షణముననే దానిపై అతనికి హక్కు పుట్టును. రిజిస్టరు చేయింపకపోయినను ఆ హక్కు పోదు. చట్టము కాపాడునది భావమును గాదు, ఆ భావమునకు కవి ఇచ్చిన రూపమును. కరవును గూర్చి ఎందరైనను వ్రాయవచ్చును; ఒకరు వ్రాసిన పద్యమును మరొకరు తనదిగా అచ్చువేసికొనరాదు. పుస్తకమును కొన్నవారు ఆ ప్రతికి మాత్రమే యజమానులు.

మన దేశమున ఈ చట్టము 1847లో ఈస్టిండియా కంపెనీ కాలమున మొదలైనది. బ్రిటిషు ఇండియాలో 1914లో వచ్చిన చట్టము ఈ దేశపు గ్రంథములకు అనువాదపు హక్కును ప్రచురణనుండి పదేండ్లకే పరిమితము చేసెను. 1957లో పార్లమెంటు చేసి, 1958 జనవరి 21 నుండి అమలుపరచిన చట్టములో ఆ పరిమితి లేదు. కర్త జీవితకాలమును, ఆపై 50 ఏండ్లును హక్కు ఉండునని అందు నిర్ణయించిరి. 1941లో మరణించిన రవీంద్రనాథ ఠాకూరు రచనల గడువు ముగియవచ్చిన తరుణమున, 1992లో ఆ 50 ఏండ్లను 60గా పెంచిరి.

ఈ లెక్క ఎట్లు నడచునో ‘గోలకొండ కవుల సంచిక’ను బట్టి తెలిసికొందము. తెలంగాణములో కవులు లేరన్న మాటకు ప్రత్యుత్తరముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలను కూర్చి ప్రకటించిరి. ఇట్టి సంకలనములో రెండు హక్కులు కలసియుండును: ఏర్చి కూర్చిన సంపాదకుని హక్కు ఒకటి, ఏ పద్యమునకు ఆ కవి హక్కు మరొకటి. రెడ్డిగారు 1953లో పరమపదించిరి. నేటి 60 ఏండ్ల లెక్క వేసినచో వారి కూర్పు గడువు 2013 డిసెంబరు 31తో తీరును. కాని 1970లో మరణించిన కవి పద్యమునకు అదే లెక్కతో 2030 చివరివరకు గడువు ఉండును. అనగా ఒకే పుస్తకములో ఒక పుట అందరిదై, దాని ప్రక్క పుట కవి వారసులదై యుండవచ్చును.

ఈ చట్టము చదువరికి అడ్డుగోడ గాదు. స్వంత అధ్యయనమునకును, విమర్శకును ఉచితమైనంత మేరకు రచనను వాడుకొనవచ్చును. టిక్కెట్టు లేకుండ గ్రామమున ఔత్సాహిక నాటక సమాజమువారు నాటకమాడినచో అనుమతి అవసరము లేదు. టిక్కెట్టు పెట్టినచో సాధారణముగా రచయితను అడుగవలెను. పాటను ప్రసారము చేయు మా వంటి వారికిని ఈ కట్టుబాటు కలదు.

హక్కును అమ్ముకొను రచయితలు గమనింపవలసినది మరొకటి. ఒప్పందము వ్రాతమూలకముగా, సంతకముతో ఉన్ననే చెల్లును. 1994 నాటి సవరణ ప్రకారము కాలపరిమితి వ్రాయనిచో దానిని ఐదేండ్లుగా ఎంచుదురు. ఎంత కాలమునకు, ఏ ప్రాంతమునకు, ఎంత ప్రతిఫలమునకు ఇచ్చుచున్నామో చూడక చేసిన సంతకము రచయిత కుటుంబమునకు రావలసిన రాబడిని పోగొట్టవచ్చును. ఒకటి మాత్రము అమ్మినను పోదు: ఈ రచన నాదని చెప్పుకొను హక్కు. పేరు మరుగుపడిన కవులకు పేరు నిలుపుటకై సంచికను కూర్చిన ఈ గడ్డమీద ఆ హక్కు విలువ వేరుగా చెప్పవలసిన పని లేదు.