కరువు సీమ – పెళ్లివిందు: ‘మాయాబజార్’లో జీవనానురక్తి

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ తెలుగువారి జ్ఞాపకంలో నేటికీ నిలిచి ఉంది. 2010లో రంగుల్లో మళ్లీ విడుదలైనప్పుడు, కథంతా ముందే తెలిసినవారు కూడా థియేటర్లకు వెళ్లారు. ఈ ఆదరణకు విమర్శకులు సాధారణంగా మూడు కారణాలు చెబుతారు: ఎస్.వి. రంగారావు, సావిత్రి మొదలైనవారి అభినయం; పింగళి నాగేంద్రరావు మాటల చమత్కారం; మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం. ఇవి మన మెప్పును వివరిస్తాయి. హాయిగా నవ్వుకుంటున్న ప్రేక్షకుడి మనసు ఎందుకు ఆర్ద్రమవుతుందో మాత్రం వివరించవు. బతుకును అక్కున చేర్చుకునే ఈ చిత్రపు బలం అది చూపిన సమృద్ధిలో కంటే, చూపకుండా వదిలిన లేమిలోనూ మరణంలోనూ ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు అనంతపురం జిల్లాను, ప్రత్యేకించి బెళుగుప్ప వంటి మెట్ట ప్రాంతాన్ని ఆధార భూమికగా తీసుకుంటున్నాను. చిత్ర దర్శకుడు కె.వి. రెడ్డి ఈ జిల్లాలోని తాడిపత్రిలో 1912లో జన్మించినవాడు కావడం ఒక కారణం. విందును గురించి కరువు సీమ నుంచి ఆలోచించడం అవసరమనిపించడం రెండవ కారణం.

రెండు పెళ్లిళ్లు

వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అక్కడ అభిమన్యుడు పెళ్లాడేది ఉత్తరను. ఆ పెళ్లితోనే విరాటపర్వం ముగుస్తుంది. తిక్కన తెలుగు చేసిన పర్వాలలో ఇదే మొదటిది. వానలు పడనప్పుడు విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెలలో అనాదిగా ఉన్న ఆచారం. ధర్మరాజు నివసించే దేశంలో వానలు సకాలంలో కురుస్తాయని, పంటలు, పాడి సమృద్ధిగా ఉంటాయని ఆ పర్వంలో భీష్ముడు చెబుతాడు. ఈ ఆచారానికి మూలం ఆ మాటలోనే ఉందని భావించవచ్చు. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వర్షం కురిసే అనంతపురం జిల్లాలో ఈ పఠనం కేవలం సాహిత్యాభిరుచి కాదు. అది బతుకు కోసం చేసే ప్రార్థన. ఆ ప్రార్థన అభిమన్యుడి పెళ్లితో ముగియడం గమనార్హం. తెలుగు పల్లెకు అభిమన్యుడి పెళ్లి అంటే కథలో ఒక ఘట్టం మాత్రమే కాదు. వాన వెలిసిన తరువాత కనిపించే పచ్చదనం కూడా.

శశిరేఖాపరిణయం జానపదుల ఊహలోను, నాటకరంగంలోను పెరిగిన మరో పెళ్లి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజాలు ఈ కథను ఊరూరా తిప్పాయి. కీచకవధ కూడా విరాటపర్వ కథే. 1936లో పి.వి. దాసు దర్శకత్వంలో ఇది మొదటిసారి తెలుగు తెరకెక్కింది. కనుక 1957 నాటి చిత్రం కొత్త కథ చెప్పలేదు. ప్రజలు అప్పటికే తమదిగా చేసుకున్న కథను తిరిగి చెప్పింది.

కథకు మూలం లేమి

ఈ కథ నడవడానికి కారణం ఒక్కటే: పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నారు. శశిరేఖను అభిమన్యుడికిస్తానని సుభద్రకు మాట ఇచ్చిన బలరాముడు, ఆస్తి పోగానే ఆ మాట తప్పుతాడు. ఆ పిల్లను దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికివ్వడానికి సిద్ధపడతాడు. ఇది దేవతల కథ కాదు. కలిమి తరిగిన ఇంటి కథ. వానలు ముఖం చాటేసి అప్పులపాలైన కుటుంబానికి వియ్యమందబోయినవారు వెనకడుగు వేయడం మెట్ట ప్రాంతాలలో అందరికీ తెలిసిన వ్యవహారమే. కె.వి. రెడ్డి ‘పాతాళభైరవి’ (1951)లోనూ ఇదే చిక్కు కనిపిస్తుంది. తోటమాలి కొడుకైన రాముడికి సంపద లేదు కనుక రాజకుమారి దక్కదు.

రాజ్యం పోయిన ఆ పాండవులను ‘మాయాబజార్’ తెరమీద ఒక్కసారి కూడా చూపదు. కథ మొత్తానికి కారణమైన దైన్యం కనిపించదు, కానీ ప్రతి సన్నివేశాన్నీ అదే నడిపిస్తుంది.

విందు ఎవరిది?

1950లలో రాయలసీమ తీవ్రమైన కరువును చూసింది. ఆకలిగొన్నవారి కోసం గంజి కేంద్రాలు నడిచాయి. అనంతపురం జిల్లా తరిమెలకు చెందిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ కావ్యం ఆ దశాబ్దంలోనిదే. ఎండిన పెన్న ఒడ్డున రంగడు, గంగమ్మ అనే దంపతుల ఆకలి అందులో వస్తువు. అదే జిల్లాలో పుట్టిన మరొకరు అదే దశాబ్దంలో తెలుగు తెరమీద అతిపెద్ద విందును నిలబెట్టారు. సాహిత్య చరిత్ర ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. మొదటిదాన్ని కరువు సాహిత్యమనీ, రెండవదాన్ని వినోదమనీ వేరు చేసింది.

విందు సన్నివేశాన్ని జాగ్రత్తగా పరిశీలిస్తే ఈ విభజన నిలవదు. ఆ వంటకాలు సిద్ధమైనది పెళ్లికి విచ్చేసిన ధనవంతులైన వియ్యాలవారి కోసం. వాటిని ఆరగించినది అడవిలో ఉండే ఘటోత్కచుడు. పళ్లేలు వాటంతటవే అతని వైపు జరుగుతాయి. లడ్లు ఎగిరి వచ్చి నోట్లో పడతాయి. పెద్దల పంక్తికి చేరవలసిన భోజనం పంక్తిలో చోటులేనివాడి దగ్గరకు తానే నడిచివస్తుంది. గంజి కేంద్రం ముందు వరుసలో నిలబడ్డ జ్ఞాపకం మాయని రోజులలో, టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చున్న ప్రేక్షకుడికి ఈ దృశ్యం కేవలం హాస్యం కాజాలదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. ఆ విందులో గారెలు, బూరెలు, అరిసెలు, పులిహోర ఉన్నాయి. బెళుగుప్ప ప్రాంతపు నిత్యాహారమైన రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం లేవు. అది కలిగినవారి భోజనమే అన్న విమర్శ సరైనదే. అయితే పేదవాడి కలలో సంగటి ఎందుకు ఉండాలి? ఏడాదికొకసారి ఓళిగలు చేసుకునే ఇల్లు ఆ రోజును ఏడాదంతా తలచుకుంటుంది. పండుగ భోజనాన్ని కోరడం తన తిండిని చిన్నచూపు చూడడం కాదు. ఆ పంక్తిలో తనకూ చోటుందని చెప్పడం.

తెరమీద లేని మరణం

మరణం విషయంలోనూ చిత్రం ఇలాగే మౌనం పాటిస్తుంది. ఈ మౌనాన్ని అర్థం చేసుకోవడానికి కె.వి. రెడ్డి ‘యోగివేమన’ (1947) ఉపకరిస్తుంది. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కూడా పాత అనంతపురం జిల్లాలోనిదే. ఆ చిత్రంలో ప్రాణప్రదమైన అన్నకూతురి మరణం వేమనను వైరాగ్యం వైపు నడిపిస్తుంది. మరణాన్ని చూసినవాడు బతుకును విడిచిపెడతాడు. పదేళ్ల తరువాత అదే దర్శకుడు దారి మార్చాడు. ‘మాయాబజార్’లో ఎవరూ మరణించరు. కానీ భారతం విన్న ప్రతి ప్రేక్షకుడికీ ముందేమున్నదో తెలుసు. పద్మవ్యూహంలో అభిమన్యుడు కూలుతాడు. కర్ణుడి శక్తికి ఘటోత్కచుడు బలి అవుతాడు. రెండు మరణాలూ ద్రోణపర్వంలోనివే. పెళ్లికొడుకుకూ, పెళ్లి చేయించినవాడికీ ఎక్కువ కాలం లేదు. ఆ సంగతి తెరమీద కనిపించేవారిలో శ్రీకృష్ణుడికి తప్ప ఎవరికీ తెలియదు. ప్రేక్షకులకు మాత్రం అందరికీ తెలుసు. కనుక ఘటోత్కచుడి అట్టహాసం వింటూ మనం నవ్వుతున్నప్పుడు, ఆ నవ్వు ఎంతకాలం ఉంటుందో కూడా మనకు తెలుస్తూనే ఉంటుంది. పెళ్లి మరింత విలువైనదిగా తోచడానికి కారణం ఇదే.

పలాయనమా?

దీన్ని పలాయనవాదమని కొట్టివేయడం సులభం. పలాయనవాదం తాను చూపేది నిజమని నమ్మిస్తుంది. ఈ చిత్రం పేరులోనే మాయ అని చెప్పుకుంది. ఆ బజారు పెళ్లితో ముగిసిపోతుందని మొదటినుంచీ చెబుతూనే, అందులో జరిగే పెళ్లిని నిజం చేసింది. సామగ్రి అంతా మాయ. అనురాగం మాత్రం కాదు. సత్యపీఠం ఎక్కిన శకుని తన కుట్రను తానే బయటపెట్టుకోవడంతో, ఆ మాయలో చివరికి మిగిలేది సత్యమేనని తేలుతుంది.

ముగింపు

రాయలసీమ సాహిత్యాన్ని కరువు సాహిత్యంగా మాత్రమే లెక్కించడం ఒక అలవాటుగా మారింది. ఆ లెక్కలో ఇక్కడి మనిషి ఎప్పుడూ బాధితుడే. అతని నవ్వుకూ, పండుగకూ పద్దు లేదు. హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయానికి చేరిన తరువాత కూడా ఈ చిత్రణ మారలేదు. ‘పెన్నేటి పాట’ ఈ నేల ఆకలిని చెప్పింది. ‘మాయాబజార్’ ఆ ఆకలి ఏమి కోరుకున్నదో చెప్పింది. ఒకటి లేకుండా మరొకటి సగమే అర్థమవుతుంది. వాన కోసం విరాటపర్వం చదివిన పల్లె, ఆ చదువు చివర ఒక పెళ్లి ఉంటుందని తెలిసే చదివింది. ఈ సీమ సాహిత్య చరిత్ర రాసేవారు ఆ పెళ్లిని కూడా అందులో చేర్చాలి.