జీతపు రాళ్ళు – పిల్లల చదువులు

మన పాల్వంచలో 1966లో థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ నడిచింది. 1980లో స్పాంజ్ ఐరన్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. పంటనూ కూలినీ నమ్ముకున్న అడవి అంచు ఇళ్ళకు నెల జీతం అలవాటైంది. 1952 చట్టం ప్రకారం కర్మాగార కార్మికుల జీతంలో ప్రావిడెంట్ ఫండు కోత పడేది. చేతికి రాకముందే పక్కకుపోయిన ఆ డబ్బే చివరకు మిగిలింది.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి పేదలకు కాలేజీ గుమ్మం తెరిచింది. అయినా పుస్తకాలు, బస్సు చార్జీలు, పై ఖర్చులు ఇంటివాళ్ళవే. మనలో చాలామందిమి షాదీ ఖర్చుకు ఏళ్ళ తరబడి కూడబెడతాం. చదువుకైతే అడ్మిషన్ నాడు అప్పుకోసం తిరుగుతాం. ఆ అప్పు పుట్టనప్పుడు ముందు ఆగేది ఆడపిల్ల చదువే.

పాత థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లను 2024లో కూల్చేశారు. ఆ జీతాలతో చదివిన పిల్లల చదువు మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి బిడ్డ బడిలో చేరిన నెల నుంచే, జీతం అందిన రోజే, చదువు పైకం విడిగా తీసిపెడదాం.