సరౌండ్ స్పీకర్ల అమరిక, సమతూకం (గుంటూరు–ప్రకాశం ప్రాంతం)

సరౌండ్ స్పీకర్లు సినిమా చూసేవారికి పక్కలనూ వెనుకా ఉండి, తెరమీది కథకు చుట్టూ ఉండే వాన, జనఘోష, గాలి వంటి చప్పుళ్లను అందిస్తాయి. వాటిని గదిలో ఏ కోణంలో, ఎంత ఎత్తున బిగించాలో నిర్ణయించడం అమరిక. ముందు స్పీకర్లకు అవి దీటుగానూ, అంతకు మించకుండానూ మోగేలా చూడటం సమతూకం. సినిమా హాళ్లలో పుట్టిన ఈ విద్య పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానంలోని ఇళ్లకు ఎలా చేరిందో ఈ వ్యాసం చెబుతుంది. 2022లో ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలు కూడా ఇందులో భాగమే.

తొలి దశ

తెలుగులో తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు ఈ ప్రాంతంలో సినిమా ధ్వని అంటే ప్రధానంగా తెర వెనుక నుంచి వచ్చేదే. డేరా టూరింగ్ టాకీసుల్లో నేల, బెంచీ, కుర్చీ తరగతులు ఏవైనా ధ్వని ఒక్క దిక్కు నుంచే వినపడేది.

విదేశాల్లో ప్రయోగాలు అప్పటికే మొదలయ్యాయి. బ్రిటిష్ ఇంజనీరు ఆలన్ బ్లూమ్‌లైన్ 1931లో స్టీరియో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. తెరమీద మనిషి ఇటునుంచి అటు నడుస్తుంటే మాట మాత్రం ఒకేచోటి నుంచి రావడం ఆయనకు చిరాకు తెప్పించిందని చెబుతారు. 1940లో డిస్నీ ‘ఫాంటేసియా’ హాలు గోడలనుంచి కూడా సంగీతం వినిపించింది. 1953లో ‘ది రోబ్’తో వచ్చిన సినిమాస్కోప్‌లో నాలుగు ట్రాకులుంటే, నాలుగోది ప్రేక్షకుల చుట్టూ ఉన్న స్పీకర్లకే. ఆ ట్రాకులో పని లేనప్పుడు బుస్సుమనే చప్పుడు వినపడకుండా స్పీకర్లను ఆపి ఉంచేవారు. వాటిని మేల్కొలపడానికి 12 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని ఫిల్ములోనే కలిపేవారు. పక్క స్పీకరు అవసరమైనప్పుడే నోరు విప్పాలన్న నియమం ఆనాటిదే.

బుర్రిపాలెం నుంచి డెబ్బై ఎం.ఎం. దాకా

తెలుగు సినిమా తెర, ధ్వని విస్తరించిన చరిత్రలో గుంటూరు జిల్లావాసుల వాటా గొప్పది. రేపల్లె తాలూకా పెదపులివర్రులో 1930లో పుట్టిన కె. విశ్వనాథ్ గుంటూరు హిందూ కళాశాలలో, ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో ఉద్యోగ జీవితం ఆరంభించారు. ఆ తర్వాతే దర్శకుడయ్యారు. 1980 నాటి ‘శంకరాభరణం’లో ధ్వనికీ నిశ్శబ్దానికీ ఇచ్చిన విలువ చూస్తే ఆ తొలి ఉద్యోగం వృథా పోలేదనిపిస్తుంది.

తెనాలి దగ్గరి బుర్రిపాలెంలో 1943 మే 31న పుట్టిన కృష్ణ సాంకేతిక సాహసాలకు పేరుపొందారు. ఆయన నూరవ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ (1974) తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. పద్మాలయా పతాకంపై స్వయంగా దర్శకత్వం వహించిన ‘సింహాసనం’ 1986 మార్చి 21న విడుదలై తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రంగా, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ ధ్వనితో నిలిచింది. 70 ఎం.ఎం. పద్ధతిలో ఆ ఆరింటిలో అయిదు తెర వెనుక స్పీకర్లకు, ఒకటి హాలు గోడలకు. అంటే ఎడమ గోడ, కుడి గోడ ఒకే మాట పలికేవి. ఆరు ట్రాకులూ వినాలంటే పెద్ద ప్రొజెక్టరుతో పాటు ఫిల్ము అంచున పూసిన అయస్కాంత చారలను చదివే హెడ్లున్న హాలు కావాలి. అవి లేని ఊళ్లవారికి తెర పెద్దదన్న కబురే దక్కింది.

కృష్ణ నటించిన ‘తెలుగు వీర లేవరా’ (1995)ను తొలి డీటీఎస్ తెలుగు చిత్రంగా చెబుతారు. డీటీఎస్‌లో ధ్వని ఫిల్ము మీద కాక వేరే సీడీలో ఉంటుంది. ఫిల్ముపై కాలాన్ని తెలిపే గుర్తు మాత్రమే ఉండి రెండింటినీ కలిపి నడిపిస్తుంది. ఎడమ, కుడి గోడలకు వేర్వేరు ట్రాకులు దక్కడం ఇక్కడి ప్రేక్షకులకు ఈ డిజిటల్ ధ్వనితోనే అనుభవంలోకి వచ్చింది. గుంటూరులో హాలు పేరే కూడలి పేరైన నాజ్ సెంటరు వంటి చోట్ల సినిమా మాటల్లోకి ‘డీటీఎస్’ అన్న పదం కూడా చేరింది. నిజంగా డీటీఎస్ అయినా కాకున్నా, గట్టిగా మోగే ప్రతిదానికీ ఆ పేరు అంటుకుంది.

మైకు సెట్టు అలవాటు

ఇక్కడి చెవికి మరో గురువు మైకు సెట్టు. శివరాత్రికి నరసరావుపేట దగ్గరి కోటప్పకొండకు విద్యుద్దీపాల ప్రభలు కదులుతాయి. వాటిముందు లౌడ్ స్పీకర్లు పోటీపడతాయి. పందిట్లో శబ్దం ఎంత దూరం వెళితే అంత ఘనత. ఆ అలవాటుతోనే ఇంట్లో వెనుక స్పీకర్లనూ పెంచేస్తారు. దానివల్ల సంభాషణ మునిగిపోతుంది, చూపు తెరనుంచి పక్కగోడకు మళ్లుతుంది.

ఇంటికి చేరిన క్రమం

1982లో ఇళ్ల కోసం డాల్బీ సరౌండ్ వచ్చింది. వీడియో టేపులోని రెండు ట్రాకుల్లోంచి మూడోదాన్ని విడదీసి వెనక్కి పంపేది. ఆ వెనుక ధ్వని 7 కిలోహెర్ట్జ్‌కు మించదు. పైగా దాన్ని సుమారు 20 మిల్లీ సెకన్లు ఆలస్యం చేసేవారు. ముందుగా చెవిని చేరిన శబ్దం ఎటునుంచి వస్తే అంతా అటునుంచే వచ్చినట్లు మనసు భావిస్తుందని హెల్ముట్ హాస్ 1949లో వివరించాడు. ఆ ఆలస్యానికి ఆధారం అదే. 1987లో ప్రో లాజిక్, 1992లో సినిమా హాళ్లలో తొలిసారి డాల్బీ డిజిటల్ వచ్చాయి. వీసీఆర్ అద్దెల కాలంలో ఈ ప్రాంతంలో ఇవి అరుదు. డీవీడీలతో ‘5.1’ అంకె (అయిదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫరు) పరిచయమైంది.

కోణం, ఎత్తు, దూరం

1992లో వెలువడిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) సిఫార్సు బీఎస్.775 ఇప్పటికీ ప్రామాణికం. కూర్చునేచోటును కేంద్రంగా తీసుకుని ముందు ఎడమ, కుడి స్పీకర్లను మధ్య గీతకు 30 డిగ్రీల చొప్పున, సరౌండ్లను 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంచమంటుంది. అంటే చెవులకు కాస్త వెనుకగా, పక్కన. ఇక్కడి ఇళ్ల హాలులో ఆ స్థానంలో సాధారణంగా వంటింటి గుమ్మమో కిటికీయో ఉంటుంది. అప్పుడు స్పీకరును కొంచెం పైకెత్తి బిగించి కిందికి వంచడం మేలు. రెండువైపులా ఒకే ఎత్తు ఉండాలి. సోఫాను వెనుక గోడకు ఆనించి ఉంచితే వెనుక స్పీకరు పని సగం పోతుంది. వాస్తు నైరుతిలో బరువు పెట్టమంటుంది కాబట్టి సబ్‌వూఫరు మూలకు చేరుతుంది. మూల ఏదైనా బేస్‌ను పెంచుతుందన్నది భౌతికశాస్త్రం మాట. పెరిగినంత తగ్గించుకోవాలి.

సమతూకానికి రెండు కొలతలు: ఆలస్యం, స్థాయి. శబ్దానికి అడుగుకు దాదాపు 0.9 మిల్లీ సెకను పడుతుంది. ముందు స్పీకరు 10 అడుగుల్లో, పక్కది 5 అడుగుల్లో ఉంటే పక్కదాన్ని నాలుగున్నర మిల్లీ సెకన్లు ఆపాలి. 45 డిగ్రీల ఎండలో గాలిలో శబ్దవేగం సెకనుకు 358 మీటర్లు, 25 డిగ్రీలప్పుడు 346. అయినా 10 అడుగుల్లో తేడా 0.3 మిల్లీ సెకనే, పట్టించుకోనక్కర్లేదు. స్థాయికి పింక్ నాయిస్ (పరీక్షకు వాడే బుస్సుమనే శబ్దం) మోగించి, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో శబ్దాన్ని కొలిచే మీటరు పెట్టి ప్రతి స్పీకరునూ విడిగా 75 డెసిబెల్స్‌కు తేవాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది; గదిలో గోడల వల్ల అంతకంటే తక్కువ.

గది, పత్తి

గది చక్కగా లేకుంటే ఈ కొలతలన్నీ వట్టివే. పెంకుటింట్లో, తాటాకింట్లో చప్పుడు కప్పు సందుల్లోంచి పోయేది. సిమెంటు శ్లాబు, చీమకుర్తి గ్రానైటు నేల ఉన్న కొత్త హాలులో అది తిరిగి తిరిగి వస్తుంది. హార్వర్డ్ ఆచార్యుడు వాలెస్ సబైన్ 1895లో ఉపన్యాస శాలలో కుర్చీల మెత్తలు ఒక్కొక్కటీ తెచ్చి పెట్టి ప్రతిధ్వని ఎంత తగ్గిందో కొలిచాడు. ఆయన సూత్రంతో 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గదిని లెక్కిస్తే, గోడలూ నేలా కప్పూ సగటున నూటికి 5 పాళ్లే పీల్చుకుంటే అనురణనం (శబ్దం అణిగేందుకు పట్టే కాలం) దాదాపు 2 సెకన్లు. 20 పాళ్లయితే అర సెకను. మెత్తలతో సాధించిన ఈ పని పత్తి సీమలో అసాధ్యమేమీ కాదు. దూదేకులవారు కుట్టిన పరుపును చట్రంలో బిగించి పక్కగోడకు తగిలిస్తే పై పౌనఃపున్యాల శబ్దాలు చక్కగా అణుగుతాయి. రెండంగుళాల మందం బేస్‌ను పట్టదు. అందుకు మూలల్లో మందపాటి కట్టలు కావాలి. పచ్చి దూది త్వరగా అంటుకుంటుంది గనుక వైర్లకు దూరంగా ఉంచాలి. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటిస్తే గది రంగు మారుతుందే కానీ ధ్వని పెద్దగా మారదు.

పైకప్పు దశ

2012లో హాళ్లకు, 2014లో ఇళ్లకు డాల్బీ అట్మాస్ వచ్చి పైకప్పుకూ స్పీకర్లను చేర్చింది. ‘బాహుబలి’ (2015) అట్మాస్‌లో విడుదలైంది. మన ఇంటి హాలు నడిమధ్యన సీలింగ్ ఫ్యాను ఉంటుంది. అందువల్ల పై స్పీకర్లు రెక్కల పరిధికి అవతల, రెండు ముందువైపు, రెండు వెనుకవైపు బిగిస్తారు. మీటరు కొలత మాత్రం ఫ్యాను ఆపి తీయాలి. మే నెలలో ఆ పని త్వరగా ముగించడం రివాజు.